14 వైర్ల సర్వో మోటారు: ముందు మీటరు, తర్వాతే కరెంటు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఏర్పేడు దగ్గర పల్లె. మా నాన్న మాధవమాలలో కొయ్య బొమ్మలు చెక్కుతారు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసి, తిరుపతిలో చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని కంప్యూటర్‌తో తలుపుల మీద డిజైన్లు చెక్కే సీఎన్‌సీ రూటర్ నడుపుతున్నాను. ఇప్పుడున్న స్టెప్పర్ మోటార్లు టేకు మీద లోతుగా చెక్కేటప్పుడు స్టెప్పులు వదిలేస్తున్నాయి. అందుకని చెన్నైలో పాత సామాన్ల షాపులో 750 వాట్ల సర్వో మోటారు ఒకటి 4,500 రూపాయలకు కొన్నాను. దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే డ్రైవ్, లేదు. లేబుల్ మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు అరిగిపోయాయి. 220 వోల్టులు, 3000 ఆర్‌పీఎం అని మాత్రం కనిపిస్తోంది. లావు కేబుల్లో 4 వైర్లు, సన్న కేబుల్లో 14 వైర్లు, వాటిపైన షీల్డు ఉన్నాయి. కనెక్టర్‌ను ఎవరో కోసేశారు. సన్న కేబుల్‌కు మధ్యలో ఒక అతుకు కూడా ఉంది. షాపాయన 12 వోల్టులు ఇచ్చి చూడమన్నాడు. నా ఫ్రెండేమో ఎరుపు ప్లస్, నలుపు మైనస్, ఫోన్ ఛార్జర్ పెట్టేయ్ అంటున్నాడు. నా దగ్గర మల్టీమీటర్, ఆర్డునో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు ఉన్నాయి. ఏ వైరు ఏమిటో ఎలా కనుక్కోవాలి? డబ్బు బూడిదలో పోసిన పన్నీరేనా అని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: తమ్ముడూ, టెన్షన్ పక్కన పెట్టు. నీ ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చిన మాట ఒకటుంది: 14 వైర్లు. డ్రైవ్ లేకుండా పాత మోటారు కొన్నవాళ్లకు ఇంతకంటే మంచి కబురు అరుదు. సర్వో మోటారు వెనక, షాఫ్ట్ ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ ఉంటుంది. ఈ రకంలో ఆరు సిగ్నళ్లు, ఒక్కో దానికి రెండేసి వైర్లు, పైన సప్లైకి రెండు. లెక్క సరిగ్గా 14కి వస్తుంది. ఇలాంటి ఎన్‌కోడర్ దేన్నీ దాచుకోదు. షాఫ్ట్ తిప్పితే చాలు, ఉన్నదంతా వైర్ల మీద చెప్పేస్తుంది. మనం వినేలోపు దాన్ని కాల్చకుండా ఉండాలి, అంతే.

ఆ ఆరూ ఏమిటో ముందు మనసులో పెట్టుకో. ఏ (A), బీ (B) అనేవి షాఫ్ట్ తిరిగే కొద్దీ వచ్చే పల్సులు. రెండూ ఒకేలా ఉంటాయి గానీ ఒకదానికంటే మరొకటి పావు వంతు వెనక నడుస్తుంది. ఏది ముందు వస్తోందో చూసి డ్రైవ్ తిరిగే దిక్కు తెలుసుకుంటుంది. జెడ్ చుట్టుకు ఒక్కసారే వస్తుంది. ఇక యూ, వీ, డబ్ల్యూ. ఇవి రోటర్ (మోటారులో తిరిగే భాగం) అయస్కాంతాలు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే సిగ్నళ్లు. ఆన్ చేసిన క్షణంలో ఏ కాయిల్‌కు కరెంటు ఇవ్వాలో డ్రైవ్‌కు తెలిసేది వీటి వల్లే. ప్రతి సిగ్నల్‌కూ దాని తలకిందుల రూపం ఒకటి పక్కనే వస్తుంది. ఏ పైకి వెళ్తే ఏ-బార్ కిందికి వస్తుంది. ఇలా జంటగా పంపడానికి కారణం నాయిజ్, అంటే వైర్ల మీద పడే విద్యుత్ అలజడి. నీ రూటర్‌లో స్పిండిల్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పుట్టించే నాయిజ్ రెండు వైర్ల మీదా ఒకేలా పడుతుంది, అవతల వాటి మధ్య తేడా తీసుకున్నప్పుడు రద్దయిపోతుంది.

ఇప్పుడు నీకు వచ్చిన సలహాల సంగతి. 12 వోల్టుల మాట మర్చిపో. ఇలాంటి ఎన్‌కోడర్లలో సిగ్నల్ బయటికి పంపే ఐసీ (చిప్) ఎక్కువగా 26ఎల్‌ఎస్31 గానీ దాని జాతిది గానీ ఉంటుంది. అది పనిచేసేది 5 వోల్టుల మీద, తట్టుకునే గరిష్ఠ హద్దు 7 వోల్టులు. 12 ఇచ్చావంటే ఇంకేమీ కనుక్కోనవసరం ఉండదు. మీ ఫ్రెండ్ చెప్పిన ఛార్జర్ ఇచ్చే 5 వోల్టులు సరైన అంకే అయినా, రంగును నమ్మమనడం తప్పు. నీ కేబుల్లో అతుకుందని నువ్వే రాశావు. అతికినవాడు చేతికి దొరికిన కేబుల్ వాడి ఉంటాడు. ఎర్ర వైరు అవతల ఎర్రగానే ఉందని ఎవరు చెప్పగలరు?

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నాకు కారణముంది. చాలా ఏళ్ల కిందట, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఫిల్లింగ్ మెషిన్ సర్వో ఆగిపోయిందని నన్ను పిలిచారు. తోతాపురి సీజన్ నడుస్తోంది, గేటు బయట కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆ హడావిడిలో నేను ఎరుపుకు ప్లస్, నలుపుకు మైనస్ ఇచ్చాను. ఆ కేబుల్లో నలుపే 5 వోల్టులది. తెగిన వైరు ఒక్కటి కలిపితే నడవాల్సిన మోటారు, నా చేతి మీదుగా ఎన్‌కోడర్ పోగొట్టుకుంది. వేరే మోటారు వచ్చేదాకా ఆ లైను ఆగింది. కాయలు ఎండలో మగ్గిపోతుంటే డ్రైవర్లు నా ముఖం వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఆ రోజు నుంచి, మీటరు పెట్టి తేల్చుకోకుండా ఏ ఎన్‌కోడర్‌కూ నేను కరెంటు ఇవ్వలేదు.

మొదటి పని, అతుకు దగ్గరికి వెళ్లు. దాని అవతలి ముక్కను కోసి పారేయ్. మోటారు నుంచి వచ్చే అసలు కేబుల్ అరడుగు మిగిలినా చాలు. అక్కడ పై తొడుగు జాగ్రత్తగా ఒలిచి చూడు. అసలు కేబుల్ అయితే వైర్లు రెండేసి చొప్పున పెనవేసుకుని ఉంటాయి. ఆ పెనలను విడదీయకుండా ఒక్కో జంటకు చిన్న టేపు చుట్టి నంబరు రాసుకో. ఏడు జంటలు దొరికితే సగం పని చేతికి అందినట్టే. రంగులు కూడా ఒక కాగితం మీద రాసి పెట్టు. జపాన్ తరహా ఎన్‌కోడర్లలో తరచుగా కనిపించే వరస ఒకటుంది: ఎరుపు 5 వోల్టులు, నలుపు సున్నా, నీలం ఏ, ఆకుపచ్చ బీ, పసుపు జెడ్, గోధుమ యూ, బూడిద వీ, తెలుపు డబ్ల్యూ. వీటి బార్ వైర్లు అదే రంగు మీద నల్ల చారతో ఉంటాయి. నీ కేబుల్ దీనికి సరిపోతే సంతోషమే. అయినా దాన్ని ఊహగానే తీసుకో, రుజువు మీటరుతోనే చెయ్యి.

ఈలోగా లావు కేబుల్లోని నాలుగు వైర్ల కొసలు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా టేపు చుట్టు. అవి కలిసి ఉంటే షాఫ్ట్ చేతికి బరువుగా, పట్టి పట్టి తిరుగుతుంది. బేరింగ్ పోయిందేమో అని భయపడతావు. విడదీశాక కూడా అసలు కదలకపోతే లోపల బ్రేక్ ఉండొచ్చు, దానికి సాధారణంగా 24 వోల్టుల డీసీ ఇస్తే వదులుతుంది. నీ లావు కేబుల్లో నాలుగే వైర్లు కాబట్టి బ్రేక్ ఉండకపోవచ్చు. ఎర్త్ వైరు మోటారు బాడీతో కలిసి ఉంటుంది, మిగతా మూడింటి మధ్యా ఎటు చూసినా ఒకే రెసిస్టెన్స్ రావాలి. ఇంకో హెచ్చరిక. ఐటీఐలో మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వాడటం నేర్పి ఉంటారు. లావు వైర్లకూ బాడీకీ మధ్య దాన్ని వాడితే వాడు గానీ, ఎన్‌కోడర్ వైర్ల దగ్గరికి మాత్రం రానివ్వకు. 500 వోల్టులకు ఆ ఐసీలు ఒక్క క్షణం ఆగవు.

మోటారు వెనక మూత ఒకటి ఉంటుంది, ఇంజిన్‌కు టోపీ పెట్టినట్టు. దాన్ని మాత్రమే విప్పొచ్చు. విప్పితే ఎన్‌కోడర్ సొంత లేబుల్ కనిపించవచ్చు. అదృష్టముంటే దాని మీద మోడల్ నంబరు, పల్సుల సంఖ్య రెండూ ఉంటాయి, బయటి లేబుల్ అరిగినా లోపలిది అరగదు. అక్కడితో ఆగు. ఎన్‌కోడర్‌ను షాఫ్ట్‌కు బిగించిన స్క్రూనూ, బాడీకి బిగించిన స్క్రూలనూ ముట్టుకోవద్దు. యూ, వీ, డబ్ల్యూ సిగ్నళ్లు రోటర్ అయస్కాంతాలతో సరిగ్గా కలిసేలా ఫ్యాక్టరీలో దాన్ని ఒక కోణంలో నిలిపి బిగిస్తారు. కాస్త జరిగిందా, మోటారు బలం తగ్గి వేడెక్కుతుంది, ఇంకాస్త జరిగితే అదుపు తప్పి తిరుగుతుంది. లోపలి డిస్కు మీద సన్నని గీతలుంటాయి, చాలావాటిలో అది గాజు. వేలిముద్ర పడినా పల్సులు పోతాయి. మీ షెడ్డులో ఎగిరే రంపపు పొట్టు సంగతి చెప్పనక్కరలేదు, ఈ పని ఇంట్లో శుభ్రమైన బల్ల మీద చెయ్యి.

మూత కింద బోర్డు మీద ఐసీలు కనిపిస్తే ఇక నీ పని చాలా తేలిక. 26ఎల్‌ఎస్31 అని గానీ 26సీ31 అని గానీ ఉందేమో చూడు. ఒక్కో ఐసీ నాలుగు సిగ్నళ్లనే పంపగలదు. నీకు ఆరు కావాలి కాబట్టి రెండు ఐసీలు ఉండాలి. 16 కాళ్ల ఈ ఐసీలో 8వ కాలు సున్నా వోల్టులు, 16వ కాలు 5 వోల్టులు. 2, 6, 10, 14 కాళ్లు అసలు సిగ్నళ్లు, 3, 5, 11, 13 వాటి బార్‌లు. 2కు 3 జంట, 6కు 5, 10కి 11, 14కి 13. మీటరును కంటిన్యుటీలో పెట్టి ఒక్కో కాలి నుంచి ఒక్కో వైరుకు బీప్ వినుకుంటూ పో. సప్లై, జంటలు, ఏది అసలు ఏది బార్ అన్నీ కరెంటు ఇవ్వకుండానే తేలిపోతాయి. ప్రోబు కొన సన్నగా ఉండాలి, లేకపోతే కుట్టు సూది ఒకటి కట్టుకో.

కొన్ని ఎన్‌కోడర్లలో ఈ పనంతా ఒకే సొంత ఐసీ చేస్తుంది, దాని కాళ్ల వివరం ఎక్కడా దొరకదు. కొన్నిట్లో బోర్డు కనిపించదు. అప్పుడు మీటరులో డయోడ్ మోడ్ వాడాలి, ఇది నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. దీని వెనక సంగతి ఇదీ. ప్రతి సిగ్నల్ కాలి నుంచీ ఐసీ లోపల సున్నా వోల్టుల వైపు, కరెంటును ఒకే దిక్కులో పోనిచ్చే డయోడ్ ఒకటి ఉంటుంది. మామూలుగా అది మూసుకుని ఉంటుంది, తలకిందులు చేస్తే తెరుచుకుంటుంది. కాబట్టి ఎర్ర ప్రోబును ఒక వైరు మీద నిలిపి, నల్ల ప్రోబుతో మిగతా 13నూ ఒక్కొక్కటిగా తాకు. ఎర్ర ప్రోబు నిజంగా సున్నా వోల్టుల వైరు మీద ఉంటే, అన్నిటి మీదా దాదాపు 0.5 నుంచి 0.7 వరకు అంకె వస్తుంది. వేరే వైరు మీద ఉంటే అలా రాదు. కొన్నిటికి ఓపెన్ చూపిస్తుంది, కొన్నిటికి ఎక్కువ అంకె చూపిస్తుంది. 14 వైర్లనూ ఇలా వంతులవారీగా నిలబెట్టి చూస్తే ఒక్కటే అందరినీ పలకరిస్తుంది, అదే సున్నా. షీల్డును ఇందులో కలపకు. అది ఎక్కువగా మోటారు బాడీకో కనెక్టర్ లోహపు గుల్లకో చేరుతుంది గానీ సున్నాకు కాదు.

సున్నా దొరికాక, ఎర్ర ప్రోబును దాని మీదే ఉంచి 13 అంకెలూ రాసుకో. 12 ఒకదానికొకటి అన్నదమ్ముల్లా దగ్గరగా ఉంటాయి. ఒక్కటి మాత్రం సాధారణంగా వాటికి దూరంగా, ఎక్కువసార్లు తక్కువగా వస్తుంది. ప్రోబు పెట్టిన వెంటనే అంకె మెల్లగా పైకి పాకడం కూడా గమనిస్తావు, ఎందుకంటే సప్లై మీద కెపాసిటర్ ఉంటుంది, అది మీటరు కరెంటుతో నిండుతోంది. అది 5 వోల్టుల వైరు. అసలు కేబుల్లో ఈ రెండూ ఒకే జంటగా పెనవేసుకుని ఉండి, మిగతావాటికంటే కాస్త లావుగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు కరెంటు. ఫోన్ ఛార్జర్ వాడొచ్చు గానీ నేరుగా కాదు. తప్పు వైరుకు తగిలితే అది రెండు ఆంపియర్లు తోసేస్తుంది. ఎలక్ట్రానిక్స్ షాపులో 10 ఓముల 5 వాట్ల రెసిస్టర్ కొనుక్కుని, ఛార్జర్ ప్లస్‌కూ 5 వోల్టుల వైరుకూ మధ్య పెట్టు. ఎంత తప్పు జరిగినా అర ఆంపియర్ దాటదు. మీటరు ఎన్‌కోడర్ రెండు సప్లై వైర్ల మీద పెట్టి ఉంచి, ఛార్జర్ స్విచ్ వేసి వెంటనే చూడు. 4 వోల్టులు చూపిస్తే రెసిస్టర్ మీద 1 వోల్టు పడింది, అంటే 100 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటోంది. ఎన్‌కోడర్‌కు అది ఆరోగ్యకరమైన ఆకలి. 1.5 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ప్లస్ మైనస్ తారుమారు, లేదా లోపల షార్ట్. ఒక్క సెకను కూడా ఆలోచించకుండా తీసెయ్. మొత్తం 5 వోల్టులూ అలాగే చూపిస్తే అది ఏమీ తీసుకోవడం లేదు, మళ్లీ డయోడ్ లెక్కకు వెళ్లు. అంతా సరిగ్గా ఉంటే రెసిస్టర్ తీసేసి నేరుగా 5 వోల్టులు ఇవ్వు.

ఇక అసలు సంగతి, షాఫ్ట్ తిప్పడం. ఈ భాగం నిదానంగా చెయ్యి. షాఫ్ట్ మీదా మోటారు ముఖం మీదా ఎదురెదురుగా సుద్దతో గీత పెట్టు. నల్ల ప్రోబు సున్నా మీద ఉంచి, ఎర్ర ప్రోబుతో ఒక్కో వైరును పట్టుకుని షాఫ్ట్‌ను వీలైనంత మెల్లగా ఒక చుట్టు తిప్పు. పైన ఉన్నప్పుడు 3 వోల్టుల పైన, కింద ఉన్నప్పుడు అర వోల్టు లోపల చూపిస్తుంది. 26సీ31 అయితే పైన దాదాపు 5 ఉంటుంది.

నాలుగు వైర్లు నీ చేతి వణుకుకే మారిపోతుంటాయి. కాస్త వేగంగా తిప్పితే మీటరు వాటి సగటు తీసి 2కు అటూ ఇటూ చూపిస్తుంది. అవి ఏ, బీ, వాటి బార్‌లు. 2500 గీతల డిస్కు అయితే ఒక్కో గీత 0.144 డిగ్రీలు మాత్రమే, అందుకే అంత చలనం. రెండు వైర్లు చుట్టంతా కదలకుండా ఉంటాయి, ఒకటి ఎప్పుడూ కింద, ఒకటి ఎప్పుడూ పైన. కిందిది జెడ్, పైది జెడ్-బార్. చుట్టులో ఒకే ఒక్క చోట అవి తారుమారవుతాయి గానీ ఆ క్షణాన్ని మల్టీమీటర్ పట్టలేకపోవచ్చు, ఆర్డునో పడుతుంది. మిగిలిన ఆరు వైర్లు హాయిగా, లెక్కపెట్టగలిగేంత నిదానంగా మారతాయి. అవి యూ, వీ, డబ్ల్యూ కుటుంబం. చుట్టుకు ఒక వైరు ఎన్నిసార్లు పైకి వెళ్లిందో లెక్కపెట్టు. 4 సార్లయితే మోటారుకు 4 పోల్ జంటలు (రోటర్ అయస్కాంతాల ఉత్తర, దక్షిణ ధ్రువాల జంటలు), అంటే 8 పోల్స్. నీ సైజు మోటార్లలో 4 గానీ 5 గానీ తరచుగా వస్తాయి. ఈ అంకె డ్రైవ్‌లో పెట్టాల్సి వస్తుంది, రాసుకో.

జంటలు ఏవో పెనల వల్ల తెలియకపోతే, ఒక తేలిక మార్గం చెప్తాను. ఒకే కుటుంబంలోని ఏవైనా రెండు వైర్ల మధ్య మీటరు పెట్టి షాఫ్ట్‌ను అణువణువుగా తిప్పు. నిజమైన జంట అయితే ఒకటి పైన ఉంటే రెండోది కచ్చితంగా కిందే ఉంటుంది, కాబట్టి అంకె ప్లస్‌కు మైనస్‌కు గెంతుతుంది గానీ సున్నా దగ్గర నిలవదు. జంట కాని రెండు వైర్లయితే ఎక్కడో ఒకచోట రెండూ పైనే ఉంటాయి, అప్పుడు సున్నా వస్తుంది.

యూ, వీ, డబ్ల్యూలలో ఏది అసలు, ఏది బార్ అనేది ఐసీ కాళ్ల ద్వారా తెలియకపోతే కాస్త ఆలోచించాలి. మూడు జంటల నుంచి ఒక్కొక్కటి తీసుకుని మూడింటినీ కలిపి చూడు. సరైన మూడింటిలో అన్నీ పైన గానీ అన్నీ కింద గానీ ఉండే స్థితి చుట్టు మొత్తంలో ఎక్కడా రాదు. అలాంటి స్థితి వచ్చిందంటే వాటిలో ఒకటి పక్క వర్గం నుంచి వచ్చింది, దాన్ని మార్చు. ఇలా మూడు అసలైనవి గానీ మూడు బార్‌లు గానీ దొరుకుతాయి. ఆ రెండిటిలో ఏది అనేది డ్రైవ్ పెట్టాక తేలుతుంది, దానికి బెంగ పడకు.

ఇల్లు అలకగానే పండగ కాదు. చుట్టుకు ఎన్ని పల్సులో తెలియకపోతే ఏ డ్రైవ్ కొనాలో తెలియదు. ఇక్కడ నీ ఊనో పనికొస్తుంది. ఎన్‌కోడర్ సున్నాను ఊనో గ్రౌండుకు కలుపు. ‘ఏ’ వైరును 2వ పిన్నుకు, బీని 3వ పిన్నుకు, జెడ్‌ను 4వ పిన్నుకు పెట్టు. బార్ వైర్లను వేటికీ కలపకు, విడివిడిగా టేపు వేసి వదిలెయ్. చాలామంది బార్ అంటే మైనస్ అనుకుని గ్రౌండుకు కలిపేస్తారు. అది కూడా పైకి కిందికి వెళ్లే సిగ్నలే, గ్రౌండుకు కలిపితే ఐసీని షార్ట్ చేసినట్టే. ప్రోగ్రామ్‌లో 2, 3 పిన్నులు మారినప్పుడల్లా ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి వెంటనే ఇది చూడమనే పిలుపు) వచ్చేలా పెట్టి, లెక్కను దిక్కును బట్టి ఒకటి పెంచు లేదా తగ్గించు. జెడ్‌ను కూడా ఆ ఇంటరప్ట్‌లోనే చదివించు, అది సున్నా నుంచి ఒకటికి మారిన క్షణంలో లెక్క ఎంతుందో దాచిపెట్టమను. ఇంటరప్ట్ లోపల సీరియల్ ప్రింట్ రాయకు, దాని వల్ల లెక్క తప్పుతుంది. షాఫ్ట్‌ను ఒకే దిక్కులో, ఒక చుట్టుకు అయిదారు సెకన్లు పట్టేలా తిప్పు. ఒక జెడ్ నుంచి తర్వాతి జెడ్‌కు వచ్చిన తేడాయే నీకు కావలసిన అంకె. 10000 వస్తే, నాలుగుతో భాగిస్తే 2500 గీతల ఎన్‌కోడర్. 8192 వస్తే 2048. అయిదారు చుట్లు తిప్పి ప్రతిసారీ అదే అంకె రావాలి. రెండు మూడు అటూ ఇటూ ఊగితే ముందు చేతి వేగం తగ్గించి చూడు, అప్పటికీ ఊగితే డిస్కు మీద మురికి ఉండొచ్చు.

లెక్క దిక్కు నీకు వ్యతిరేకంగా వస్తే ఏ, బీలను ఇటుదటు మార్చు. ఏ ఏదో బీ ఏదో మోటారు తనంతట తాను చెప్పదు, మనం పెట్టుకునే పేర్లే అవి.

ఎన్‌కోడర్‌ను ఎవరైనా ఇంతకుముందు విప్పి కదిపారా అనేది పాత మోటారుకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, దాన్నీ చూసేయ్. కారు బ్యాటరీ ఒకటి, 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు ఒకటి తీసుకో. బల్బును సిరీస్‌లో పెట్టి లావు కేబుల్లోని మూడు వైర్లలో ఏ రెండింటికైనా బ్యాటరీ కలుపు. బల్బు వల్ల కరెంటు 2 ఆంపియర్ల లోపే ఉంటుంది, 750 వాట్ల మోటారుకు అది ప్రమాదం కాదు. షాఫ్ట్ గెంతి ఒక చోట నిలబడుతుంది. చేత్తో బలంగా తిప్పితే ఇంకో చోటికి జారి నిలుస్తుంది. చుట్టులో అలాంటి నిలుపులు ఎన్ని ఉంటే అన్ని పోల్ జంటలు, ముందు యూ వైరు మీద లెక్కపెట్టిన అంకెతో ఇది సరిపోవాలి. ప్రతి నిలుపు దగ్గరా యూ, వీ, డబ్ల్యూల స్థితి చూడు. అన్ని నిలుపుల దగ్గరా ఒకే వరస రావాలి. ఒక సిగ్నల్ సరిగ్గా అంచు మీద పడి ఊగిసలాడొచ్చు, మిగతా రెండూ స్థిరంగా ఉంటే చాలు. వరస ఒక్కో నిలుపుకూ ఒక్కోలా వస్తే ఆ ఎన్‌కోడర్ ఈ మోటారుది కాదు. నువ్వు షాపాయనతో మాట్లాడాల్సింది అప్పుడు. బ్యాటరీ వైర్లు తీసేటప్పుడు కొసలు పట్టుకోకు, కాయిల్ చిన్న షాక్ కొడుతుంది.

ఇంత చెప్పినా, నీ 14 వైర్లు ఇలా ప్రవర్తించకపోతే ఏమిటన్నది కూడా తెలిసి ఉండాలి. నీలాగే పాత మోటారు కొని తక్కువ వైర్లతో తికమక పడేవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకూ ఉపయోగం. 6 వైర్లుండి, రెండేసి చొప్పున మూడు జంటల మధ్య పదుల ఓముల్లో రెసిస్టెన్స్ వచ్చి, ప్రోబులు తిరగేసినా అదే అంకె వస్తే అది రిజాల్వర్, షాఫ్ట్ స్థితి చెప్పే ఇంకో రకం పరికరం. అందులో ఐసీ ఉండదు, ఉన్నవి కాయిల్సే. దానికి డీసీ ఇవ్వడం దండగ, రిజాల్వర్ తీసుకునే డ్రైవే కావాలి. 8 వైర్లయితే ఎక్కువగా ఏ, బీ, జెడ్ జంటలు, సప్లై. కొన్ని 8 వైర్లవి మాత్రం ఆన్ చేసిన మొదటి క్షణాల్లో అవే వైర్ల మీద యూ, వీ, డబ్ల్యూ పంపి, తర్వాత ఏ, బీ, జెడ్‌కు మారతాయి.

4 వైర్లు గానీ, బ్యాటరీతో కలిపి 6 వైర్లు గానీ ఉండి, 5 వోల్టులు ఇచ్చి షాఫ్ట్ ఎంత తిప్పినా ఏ వైరూ ఉలకకపోతే అది సీరియల్ ఎన్‌కోడర్. డ్రైవ్ అడిగితేనే జవాబిస్తుంది, అదీ ఆ కంపెనీ భాషలోనే. లేబుల్ చూసి మోసపోయే చోటు కూడా ఇదే. పానసోనిక్ మినాస్ ఏ4 మోటార్లలో ఒక రకం మీద 2500 పల్సులని ఉంటుంది. అది చూసి ఏ, బీ వస్తాయనుకుంటారు, వచ్చేది సీరియల్ డేటా. అలాంటి మోటారు చేతికొస్తే దానికి సరిపడే డ్రైవ్ ధర ముందు కనుక్కుని, తర్వాతే మోటారు బేరం ఆడాలి. ఆర్డునోతో ఆ భాష నేర్చుకుందామని నెలలు పోగొట్టుకున్న కుర్రాళ్లను చూశాను, వాళ్ల తెలివి వేరే పనికి ఉపయోగపడి ఉండాల్సింది.

నీ విషయానికొస్తే, అంకెలు సరిగ్గా వస్తే డ్రైవ్ కొనేటప్పుడు మూడు మాటలు అడుగు: 220 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద 750 వాట్లకు సరిపోతుందా, ఏ బీ జెడ్ యూ వీ డబ్ల్యూ జంటల ఎన్‌కోడర్ తీసుకుంటుందా, పల్సుల సంఖ్యా పోల్ జంటలూ మనం మార్చుకోవచ్చా. మూడోదానికి తడబడితే ఆ డ్రైవ్ వద్దు. మోటారు లేబుల్ మీద ఆంపియర్లు కనిపిస్తే ఆ అంకె డ్రైవ్‌లో తప్పకుండా పెట్టు. మొదటిసారి నడిపేటప్పుడు మోటారును రూటర్‌కు తగిలించకు. బల్ల మీద క్లాంపులతో బిగించి, షాఫ్ట్ ఖాళీగా ఉంచి, టార్క్ (తిప్పే బలం) పరిమితి బాగా తగ్గించి, ఎమర్జెన్సీ స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆన్ చెయ్యి. లావు వైర్ల వరసకూ ఎన్‌కోడర్ దిక్కుకూ పొంతన లేకపోతే మోటారు బిగుసుకుని గుర్రుమంటుంది, లేదా ఒక్కసారిగా పూర్తి వేగంతో పరుగెత్తుతుంది. రెండిట్లో ఏది జరిగినా ఆపి, లావు వైర్లలో ఏ రెండింటినైనా ఇటుదటు మార్చి చూడు. అప్పటికీ కుదరకపోతే నువ్వు ఎంచుకున్న మూడు సిగ్నళ్లు బార్‌లు కావొచ్చు, యూ, వీ, డబ్ల్యూ జంటలు మూడింటినీ తిరగేయి. కొత్త కేబుల్ వేసేటప్పుడు పెనవేసిన జంటలున్నదే తీసుకో, షీల్డును డ్రైవ్ వైపు ఎర్త్ చెయ్యి, స్పిండిల్ కేబుల్‌తో కలిపి ఒకే డక్టులో వెయ్యకు.

ఈ పనిలో కంటికి ఆసరా కావాలంటే 8 ఛానళ్ల చిన్న యూఎస్‌బీ లాజిక్ ఎనలైజర్ ఒకటి దొరుకుతుందేమో అడుగు. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు చాలామంది ప్రాజెక్టులకు కొనుక్కుని ఉంటారు. పల్స్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏ, బీ, జెడ్, యూ, వీ, డబ్ల్యూ ఆరూ ఒకదాని కింద ఒకటి గీతలుగా కనిపిస్తాయి. మీటరుతో గంటసేపు చేసేది అక్కడ ఒక చుట్టులో తెలుస్తుంది. సప్లై వైర్లు తేల్చే పని మాత్రం అది చెయ్యదు, దానికి నీ మల్టీమీటరే గతి.

మూత విప్పినప్పుడు బోర్డు ఫోటో ఒకటి తీసి, ఎర్ర ప్రోబు సున్నా మీద ఉంచి రాసుకున్న 13 అంకెలతో కలిపి నాకు పంపు. 5 వోల్టులు ఇచ్చే ముందే పంపు, ఆ ఒక్క రోజు ఆగు. ఆ అంకెల్లో ఏది అనుమానంగా ఉన్నా నేను చూసి చెప్తాను.